కాలువ కడితే తేదీ చెప్తారు.. నెట్టు కడితే?

కోనసీమలో 2022 నాటి రెండు వారాలు తాతకూ పాఠమే, మనవడికీ పాఠమే

తాటిపాక: దాళ్వా కోతలు అయ్యాక ఏటా కాలువలు కట్టేస్తారు. ఈ సంగతి రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు. ధవళేశ్వరం దగ్గర గేట్లు దించుతారు. గన్నవరం అక్విడక్టు మీద నీటి జోరు తగ్గుతుంది. కొద్ది రోజులు తిరిగేసరికి మన నగరం దీవిలో బోదెలన్నీ అడుగు తేలిపోతాయి. అయినా మనం గొడవ చెయ్యం. ఎందుకు చెయ్యం? ఫలానా తేదీన కడుతున్నామని ముందే చెప్తారు. ఫలానా తేదీన మళ్లీ వదులుతామనీ చెప్తారు. గుర్రపుడెక్క తియ్యాలి, పూడిక తియ్యాలి, గట్లు బాగు చెయ్యాలి అని కారణమూ చెప్తారు. ఈలోగా మంచినీళ్ల చెరువులు నింపుకోండని హెచ్చరిస్తారు. చెప్పిన తేదీ దాటిపోతే వెళ్లి అడిగే అలవాటు కూడా మనకుంది.

ఇంకో రకం కట్టివేత కూడా మనం చూశాం. 2022 మే నెలలో చూశాం. ఈసారి కట్టింది నీటిని కాదు, ఫోన్లలో వచ్చే ఇంటర్నెట్‌ను. మన ఇళ్లల్లో అది తాతకు ఒక రకంగా, తండ్రికి ఒక రకంగా, మనవడికి ఇంకో రకంగా అర్థమైంది. ముగ్గురిలో ఎవరి మాట సబబు? నాకు తెలిసింది చెప్తాను. చదివి మీరే తేల్చుకోండి.

ఆ రెండు వారాలు

జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న జిల్లాకు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెడుతూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24, మంగళవారం నాడు అమలాపురంలో ఆ పేరు వద్దన్నవారి ఆందోళన అదుపు తప్పింది. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్‌కుమార్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. పోలీసులకు రాళ్ల దెబ్బలు తగిలాయి. 144వ సెక్షన్ పెట్టారు. ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు.

ఫోన్ మోగేది, మాట్లాడితే వినపడేది. నెట్టు మాత్రం లేదు. దాదాపు రెండు వారాలు ఇదే పరిస్థితి. కొన్ని మండలాల్లో ముందు, కొన్నింట్లో తర్వాత, దశలవారీగా వదిలారు. జూన్ 24న మంత్రివర్గం పేరును ఆమోదించింది. ఆ పేరే ఇప్పుడు మన జిల్లా పేరు.

విచిత్రం చూడండి. ఆ ఏడాది సార్వాకు జూన్ 1నే గోదావరి డెల్టాకు నీళ్లు వదులుతామని ప్రభుత్వం మే నెలలోనే చెప్పింది, వదిలింది. కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయో మనకు ముందే తెలుసు. ఫోనుకు నెట్టు ఎప్పుడొస్తుందో మాత్రం తాటిపాక సెంటర్లో అడిగితే ఒక్కరికీ తెలీదు. రేపని ఒకరు, ఎల్లుండని ఒకరు, ఇక రానే రాదని ఇంకొకరు.

'మంచి పనే చేశార్రా'

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా పెదనాన్నకు 80 సెంట్ల కొబ్బరి తోట, ఎకరం కౌలు చేను. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. నెట్టు ఆపేశారని తెలియగానే ఆయన అన్నమాట ఇది: "మంచి పనే చేశార్రా అబ్బాయ్. ఊరు తగలబడతంటే ఫోన్లేంటి? పది రోజులు ఫోన్ చూడాపోతే ఎవడూ చచ్చిపోడు."

ఆయన మాట తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు. ఎవరి ఇంటి మీదకు ఎవరు వస్తున్నారో అని జనం తలుపులేసుకుని కూర్చున్న రోజులవి. పక్క ఊళ్లో ఏదో అయ్యిందని ఒక వీడియో చాలు, ఈ ఊళ్లో కర్రలు లేవడానికి. గడ్డివాము అంటుకున్నప్పుడు ముందు పక్క వాముకు నిప్పు పాకకుండా చూస్తాం. ఎవరు అంటించారో తర్వాత ఆలోచిస్తాం. పెదనాన్న లెక్క అదీ.

ఆయన మనవరాలు అప్పుడు హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం ఇంటి దగ్గరే ఉండి చేస్తోంది. కరోనా నాటి నుంచీ అంతే. "తాతయ్యా, నీ చేను చేలో ఉంది. నా చేను ఇందులో ఉంది" అని లాప్‌టాప్ చూపించింది. రెండో రోజు నుంచి ఆమె, ఆమె స్నేహితురాలు బస్సెక్కి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పశ్చిమగోదావరి గట్టుకు పోయి, సిగ్నల్ దొరికిన చోట చెట్టు కింద కూర్చుని పని చేసుకొచ్చారు. అటు ఎదుర్లంక వైపు పిల్లలు యానాం సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. పత్రికల్లో ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నేను కూడా నా వార్తలు కొన్ని ఫోన్లో చదివి రాయించాను, కొన్ని వంతెన దాటి పంపాను. మా సీనియర్లు ఒకప్పుడు వార్తల కవరును ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవారు. ఆ రోజులు గుర్తొచ్చాయి.

మనవడు డిగ్రీ కుర్రాడు. వాడికి కోపం. "ఎవడో నాలుగు బస్సులు తగలబెడితే నేను మాట్లాడే హక్కు ఎందుకు తీసేస్తారు బాబాయ్?" అని నామీదకొచ్చాడు. వాడి తండ్రికి, అంటే మా అన్నయ్యకు, హక్కుల గొడవ పట్టలేదు. "బ్యాంకు పని జరిగితే చాల్రా, మిగతాది ఆపేసినా నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. ఒకే ఇంట్లో మూడు తరాలు, మూడు మాటలు.

తుపాను తెంపిన తీగ

పెద్దవాళ్లు అలా ఎందుకంటారో తెలియాలంటే వాళ్లు చూసినవి తెలియాలి. 1995 జనవరి 8న మన పక్కనే పాశర్లపూడిలో బ్లో అవుట్ వచ్చింది. 65 రోజులు మండింది. రాత్రిపూట మంట వెలుగు మన కళ్లకే కనబడుతోంది గానీ, లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే రేడియో వార్తలు వినాలి, లేదా మర్నాటి పేపరు చూడాలి. మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలైంది ఆ ఏడాది ఆగస్టు 15నే. కోనసీమలో అప్పుడు ఆ మాట తెలిసినవాళ్లెందరు?

మరుసటి ఏడాది 1996 నవంబర్ 6 రాత్రి తుపాను. చెట్టు నిలవలేదు, స్తంభం నిలవలేదు. కరెంటు లేదు, ఫోన్ లేదు. అవతలి ఊళ్లో ఉన్న కూతురు బతికుందో లేదో తెలుసుకోవడానికి పడిపోయిన కొబ్బరి చెట్ల మీద నుంచి దాటుకుంటూ నడిచి వెళ్లిన తండ్రులున్నారు. ఆ తరానికి కబురు రాకపోవడం కొత్త కాదు. తట్టుకున్నారు. అందుకే 'పది రోజులు నెట్టు లేకపోతే ఏం పోయింది' అనగలిగారు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా పోయినప్పుడు కథ మారిపోయింది. పేపరు రాకముందే ఫోన్లలో ఫొటోలు తిరిగాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఒక్కో ఇంట్లో రెండు మూడు ఫోన్లు. ఇప్పుడు ఇరవై ఏళ్లున్న పిల్లలు ఈ కాలంలోనే పెరిగారు. వాళ్లకు నెట్టు అంటే కరెంటు లాంటిది. పోతే 'ఎందుకు పోయింది?' అనే అడుగుతారు. మన తరం 'ఎప్పుడొస్తుంది?' అని మాత్రమే అడిగింది. తేడా అంతా అక్కడుంది.

తుపాను తీగ తెంపితే దాన్ని అడగలేం. కాగితం మీద సంతకం పెట్టి ఆపినప్పుడు మాత్రం అడగొచ్చు. ఈ ముక్క మనకు ముందు చెప్పింది మన పిల్లలే.

తాతకు తెలిసొచ్చింది

వారం గడిచేసరికి మా పెదనాన్న మాటలో జోరు తగ్గింది. మూడు పనులు ఆయన్ని ఆలోచనలో పడేశాయి.

మొదటిది కాయ ధర. అప్పుడే దింపు తీయించి కాయ రాశి పోశారు. మామూలుగా అంబాజీపేటలో వెయ్యి కాయల ధర ఎంత పలుకుతోందో మనవడు వాట్సాప్‌లో చూసి చెప్పేవాడు. ఇప్పుడు దళారి చెప్పిందే ధర. ఫోన్లు పనిచేస్తున్నాయి కాబట్టి అంబాజీపేటలో బంధువుకు ఫోన్ చేసి కనుక్కున్నాం. ఆ బంధువు కూడా ఎవరినో అడిగి సాయంత్రానికి చెప్పాడు. ఈలోగా దళారి రెండు సార్లు లేచి వెళ్లబోయాడు. అవసరం ఎవరిదో అతనికి తెలుసు.

రెండోది డబ్బు. ఫోన్లో వేస్తానన్న డబ్బు వెయ్యలేకపోయాడు. నగదు తెచ్చిచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఒలుపు కూలీలకు ఆ నాలుగు రోజులూ సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

మూడోది అసలు దెబ్బ. పీఎం కిసాన్ డబ్బులకు ఈ-కేవైసీ చేయించుకోవడానికి అప్పట్లో పెట్టిన గడువు మే 31. కట్టివేత మొదలైంది మే 24న. వేలిముద్ర వెయ్యాలన్నా, ఓటీపీ రావాలన్నా, ఆ సైటు తెరుచుకోవాలి కదా! ఏడాదికి 6,000 రూపాయలు పెద్దవాళ్లకు చిన్న మొత్తమేమో గానీ, 80 సెంట్ల రైతుకు అది ఒక విడత ఎరువు. ఆయన పని వాయిదా వేస్తూ మే చివరి వారానికి పెట్టుకున్నారు. అందరం అంతేగా! తర్వాత కేంద్రం గడువు జూలై 31కి పొడిగించింది కాబట్టి బయటపడ్డారు. పొడిగించకపోతే?

"నేను నెట్టులో లేననుకున్నాన్రా. నా పేరు, నా భూమి, నా డబ్బు అన్నీ అందులోనే ఉన్నాయన్నమాట" అన్నారు పెదనాన్న. ఆ మాట నేను మర్చిపోలేదు. స్మార్ట్ ఫోన్ పట్టుకోనివాడు కూడా నెట్టు మీద బతుకుతున్న రోజులివి. ఈ-పంట నమోదు అందులోనే. ధాన్యం అమ్మిన డబ్బు అందులోనే. రేషను వేలిముద్ర అందులోనే. 2025 జనవరి 30 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే 'మన మిత్ర' పేరిట వాట్సాప్‌లో సేవలు ఇస్తోంది. ఆఫీసు పనులన్నీ ఫోన్లోకి తెచ్చాక ఫోన్లో నెట్టు ఆపడమంటే ఆఫీసు తలుపు మూసినట్టే.

మనవడికీ తెలిసొచ్చింది

హక్కు అని గట్టిగా అడిగిన మనవడికి కూడా అప్పుడే ఒక పాఠం అయింది. అల్లర్ల తర్వాత పోలీసులు వీడియోలు, ఫోన్లలోని సందేశాలు చూసి మనుషులను గుర్తించారు. ఎవరో పంపింది చదవకుండా పది మందికి తోసేసే అలవాటు ఉన్న కుర్రాళ్లంతా ఫోన్లు తీసి పాతవి చెరిపెయ్యడం మొదలెట్టారు. మా వాడి ఫోన్లోనూ అలాంటివి రెండున్నాయి. "నేను రాయలేదు బాబాయ్, పంపానంతే" అన్నాడు. "పక్కవాడి చేలోకి నీళ్లు నువ్వు వదల్లేదు, గట్టు తెగితే చూస్తూ ఊరుకున్నావంతే. చేను మునిగిందా లేదా?" అని వాళ్ల తాత అడిగారు. వాడి దగ్గర జవాబు లేదు.

చట్టం కూడా ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తే. నెట్టులో నచ్చని మాట రాస్తే మూడేళ్లు జైలుకు పంపే వీలున్న 66-ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. అది మాట్లాడే హక్కుకు దక్కిన గెలుపు. అలాగని కులాల మధ్య, మతాల మధ్య పగ రేపే మాటలకు రక్షణ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఫోన్లో రాసినా అదే లెక్క.

ఇంకో సంగతి. అప్పట్లో పిల్లలు పంపితే పెద్దలు తిట్టేవారు. ఇప్పుడు తిరగబడింది. తెల్లారి లేస్తే పూల బొమ్మలతో మొదలుపెట్టి, రాత్రికి ఎక్కడిదో తెలియని గొడవ వీడియోతో ముగించేది ఎక్కువగా మన వయసు వాళ్లం, మన పైవాళ్లం. "తాతయ్యా, అది అబద్ధం, తీసెయ్యి" అని మనవరాలు చెప్తోంది. ఎవరికి వారు గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి, మీ ఇంట్లో ఇది జరగడం లేదా?

చట్టం ఏమంటోంది?

నెట్టు ఆపడం ప్రభుత్వానికి లేని అధికారమేం కాదు. ప్రజల భద్రతకు ముప్పు ఉన్నప్పుడు ఆపొచ్చు. అయితే ఇష్టం వచ్చినట్టు ఆపడానికి లేదు. ఈ మాట సుప్రీంకోర్టు చెప్పడానికి కారణం కశ్మీరు. 2019 ఆగస్టు 5 నుంచి అక్కడ నెట్టు ఆపేశారు. 4జీ మళ్లీ పూర్తిగా వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అంటే ఏడాదిన్నర. మనకు కొబ్బరి ఎలాగో వాళ్లకు యాపిల్ అలాగ. ఆ వ్యాపారమూ దెబ్బ తింది. అక్కడి కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ కోర్టుకెళ్లారు.

2020 జనవరి 10న తీర్పు వచ్చింది. నెట్టు ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు, నెట్టు ద్వారా వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉందని కోర్టు చెప్పింది. గడువు లేకుండా ఆపకూడదంది. ఆపే ఉత్తర్వును ప్రజలకు తెలిసేలా ప్రచురించాలంది. ఆసుపత్రులు, బ్యాంకు సేవలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల లాంటి అత్యవసరాలను వదిలే సంగతి ఆలోచించాలంది. చూశారా, మన కాలువ కట్టివేత పద్ధతే! తేదీ, కారణం, ముందు నింపుకునే మంచినీళ్ల చెరువు.

ఆ 19వ అధికరణం ఉన్న రాజ్యాంగానికి ముసాయిదా సంఘం అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసు. ఆయన పేరే మన జిల్లాకు ఉంది.

2020 నవంబర్‌లో నిబంధన మార్చి, ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి ఉండకూడదన్నారు. 2024 నవంబర్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి. వీటి ప్రకారం ఆపమని ఆదేశించాల్సింది రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి. ఉత్తర్వులో కారణం రాయాలి, ఏ ప్రాంతమో స్పష్టంగా రాయాలి, ఎన్నాళ్లో రాయాలి, దాన్ని ప్రచురించాలి. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే కమిటీ అయిదు రోజుల్లోగా దాన్ని పరిశీలించాలి. ఇవి వకీళ్లకే తెలియాల్సిన సంగతులని వదిలెయ్యకండి. నెట్టు కట్టివేతలు అరుదు కూడా కాదు. యాక్సెస్ నౌ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో 84 సార్లు ఆపారు. వాటిలో మనదొకటి.

ఇంట్లో కట్టే కాలువ

నెట్టు కట్టేది సర్కారొక్కటే కాదు. మనమూ కడతాం. పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటాం. ఆడపిల్ల ఫోన్‌కు తాళం పెట్టుకుంటే అనుమానపడతాం. మా వీధిలో కౌలు చేసే ఒకావిడ ఉంది. చేను పనంతా ఆవిడదే. డ్వాక్రా లెక్కలు కూడా ఆవిడవే. ఓటీపీ మాత్రం భర్త ఫోన్‌కు వస్తుంది. ఆయన ఊళ్లో లేకపోతే పని ఆగాల్సిందే. 'ఆడాళ్లకు ఫోనెందుకు' అన్న ఒక్క మాట ఖరీదు ఆవిడకు ఎన్ని పూటల కూలో లెక్కేసుకోండి.

అలాగని పిల్లల్ని పూర్తిగా వదిలెయ్యమనా? కాదు. భయపడాల్సినవి నిజంగానే ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు కొంపలు ముంచుతుంటే 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి వాటిని నిషేధించింది. ఆస్ట్రేలియా దేశం 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం చేసి, 2025 డిసెంబర్ 10 నుంచి అమలు చేస్తోంది. స్వేచ్ఛ ఎంత, అదుపు ఎంత అన్న గొడవ తాటిపాకలోనే కాదు, సముద్రాల అవతలా ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటర్ చదివే మా చిన్నవాడికి పరీక్షల ముందు ఫోన్ ఆపుతాం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో గోడ క్యాలెండరు మీద వాడి చేతే రాయిస్తాం. క్లాసు వీడియోల కోసం రోజూ ఒక గంట ఇస్తాం. ఆ తేదీ రాగానే అడగకుండానే ఫోన్ తిరిగిస్తాం. మొదటిసారి అలిగాడు. రెండోసారి తనే తెచ్చిచ్చాడు. అంతకుముందు చెప్పకుండా లాక్కున్నప్పుడు వాడు చేసిన పనేంటో తెలుసా? స్నేహితుడి ఫోన్లో చూసుకుని మాకు అబద్ధం చెప్పాడు. తేదీ చెప్పకుండా కడితే గండి పెట్టేవాళ్లు తయారవుతారు. కాలువకైనా, కుర్రాడికైనా.

ఇవి గుర్తుంచుకోండి

1. నెట్టు ఆగినా మాట్లాడే ఫోన్ పనిచెయ్యొచ్చు. కాయ కొనేవారి, బ్యాంకు శాఖ, రైతు సేవా కేంద్రం నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు.

2. ఈ-కేవైసీ, ఈ-పంట లాంటి పనులు ఆఖరి వారానికి పెట్టుకోవద్దు. గడువు ప్రతిసారీ పొడిగిస్తారన్న నమ్మకం లేదు.

3. కోతల సమయంలో, దింపుల సమయంలో కూలీలకు సరిపడా కొంత నగదు ఇంట్లో ఉంచుకోండి.

4. పీఎం కిసాన్ పేరుతోనో, బ్యాంకు పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు వస్తే నొక్కొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

5. గొడవల సమయంలో వచ్చిన ఏ వీడియోనీ ఇంకొకరికి పంపొద్దు. ఎక్కడిది, ఎప్పటిది అని ముందు ఇంట్లో పిల్లల్ని అడగండి. అడగడంలో చిన్నతనం లేదు.

6. నెట్టు ఆపితే ఉత్తర్వు కాపీ ఏదని తహశీల్దారు ఆఫీసులో మర్యాదగా అడగండి. ఎన్నాళ్లు, ఎందుకు అని అడగండి. అది గొడవ చెయ్యడం కాదు, కాలువ తేదీ అడిగినట్టే.

మళ్లీ అలాంటి రోజు వస్తే..

మొన్న మా పెదనాన్నను మళ్లీ అడిగాను. "మళ్లీ అలాంటి గొడవొస్తే నెట్టు ఆపమంటావా, వద్దంటావా?" అని. కాసేపు ఆలోచించారు. "నిప్పంటుకుంటే ఆపాలిరా, తప్పదు. కానీ ఎన్నాళ్లో చెప్పి ఆపాలి. మందుల షాపు, బ్యాంకు ఆపకూడదు" అన్నారు. పక్కనే ఉన్న మనవడు ఈసారి వాదించలేదు. "ముందు మేం ఆ వీడియోలు పంపడం ఆపితే, వాళ్లకు నెట్టు ఆపే పని తగ్గుద్ది తాతయ్యా" అన్నాడు. 2022లో ఒకరి మొహం ఒకరు చూడకుండా వాదించుకున్నవాళ్లు వీళ్లు. తాత మనవడి వైపు నాలుగడుగులు వేశారు. మనవడు తాత వైపు రెండడుగులు వేశాడు.

రైతు సోదరులారా! ఈసారి కాలువలు కట్టే తేదీ పేపర్లో చూసినప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి. నూటయాభై ఏళ్లకు పైగా కాలువతో కాపురం చేస్తున్నాం. ఎప్పుడు కడతారు, ఎందుకు కడతారు, ఎప్పుడు వదులుతారు అని అడగడం మన తాతలు నేర్పారు. అదే ప్రశ్న నెట్టు గురించి అడగడం మన పిల్లలు నేర్పుతున్నారు. నేర్చుకుంటే పోయేదేం లేదు.